లేపుడు డ్యూటీ

ఉపేందర్ ఎనిమిదేళ్లుగా బావ బగ్గీలకు చాకిరీ చేస్తున్నాడు. పందెంలో తానే రిమోట్ పట్టుకోవడం మాత్రం ఆ ఆదివారమే మొదలు.

బగ్గీ అంటే మూరెడు పొడవుండే బ్యాటరీ బండి. కదలకుండా ఉన్నంతసేపే అది ఆటబొమ్మ. రిమోట్ నొక్కితే ముళ్ల టైర్లతో మట్టి చిమ్ముతూ, మనిషి పరుగెత్తినా అందనంత వేగంగా పోతుంది, దిబ్బలెక్కి గాల్లోకి లేస్తుంది. గోదావరిఖనిలో ఈ పిచ్చి పట్టినవాళ్లు ఉపేందర్‌తో కలిపి పధ్నాలుగు మంది. క్వార్టర్ల వెనుక ఖాళీ జాగాలో మట్టి పోయించి, దిబ్బలు కొట్టించి, నిలువునా చీల్చిన పాత పైపులను అంచులుగా పరిచి, వాళ్లే ట్రాకు కట్టుకున్నారు. కింద ఎర్రమట్టి. దాని మీద ఎన్నిసార్లు ఊడ్చినా మళ్లీ వచ్చి కూర్చునే బొగ్గు దుమ్ము.

ఆ పధ్నాలుగు మందిలో మొనగాడు జగదీశ్వర్. ఓపెన్‌కాస్టు గనిలో సర్వేయర్, ఉపేందర్ అక్క సంధ్యారాణి భర్త. ఎనిమిదేళ్లలో ఆరుసార్లు గెలిచాడు. ఆరుసార్లూ ఆ బండిని విప్పిందీ, కడిగిందీ, బిగించిందీ ఉపేందరే. అతను బాయిలో, అంటే బొగ్గు గనిలో, ఫిట్టరు. షిఫ్టు దిగి స్నానం చేసి, అన్నం తిని, అరుగు మీద పాత దుప్పటి పరిచి బావ బండి ముందేసుకుని కూర్చునేవాడు. కప్పు తెచ్చినప్పుడల్లా బావ ఫోటో దిగేవాడు. ఆ ఫోటోలు ఎక్కువగా తీసింది కూడా ఉపేందరే.

ఈ ఏడు గెలిచినవాడు హైదరాబాదులో జరిగే రాష్ట్ర పోటీకి వెళ్తాడు. ఈ బొగ్గు బెల్టు మొత్తానికి ఒక్కడే. ఆ మాట తెలిసిన సాయంత్రం, సదయ్య హోటలు ముందు అందరూ చాయ్ తాగుతుండగా ఉపేందర్ నోరు విప్పాడు.

"ఈసారి నేను గూడ నడుపుత బావా."

"ఏం నడుపుతవ్? మా ఇంట్ల మిక్సీనా?"

అందరూ నవ్వారు. ఉపేందర్ కూడా కొంచెం నవ్వి, "బగ్గీనే," అన్నాడు.

"అరే బామ్మర్ది, సన్నాయి చేసెటోడు వేరు, ఊదెటోడు వేరు. దేవుడు నీకు పానా ఇచ్చిండు, నాకు రిమోట్ ఇచ్చిండు. దేవునితోటి నీకెందుకు లొల్లి?"

"గెలిస్తే?"

జగదీశ్వర్ గ్లాసు బల్ల మీద పెట్టాడు. అతని ముఖంలో నవ్వు అలాగే ఉంది, కళ్లలో మాత్రం లేదు. "గెలిస్తే హైదరాబాదుకు నువ్వే పో. ఓడితే ఇగ జన్మల రిమోట్ ముట్టొద్దు. తెచ్చి నా చేతుల పెట్టాలె, గీ అందరి ముంగట. కాక సాక్షి. సరేనా?"

కాక అంటే రాజం. బాయిలో సర్దారుగా చేసి రిటైరైన మనిషి, పందాలు నడిపేది ఆయనే. ఆయన సాసరు వైపు చూస్తూ ఉండిపోయాడు.

"సరే," అన్నాడు ఉపేందర్.

సదయ్య కెటిల్ పట్టుకుని వచ్చి, అడగకుండానే ఉపేందర్ గ్లాసులో ఇంత చాయ్ పోసి, భుజం మీది తువ్వాలతో బల్ల తుడుచుకుంటూ పోయాడు.

బండి ఎంచుకోవడంలోనే ఉపేందర్ అందరికీ నవ్వులాటయ్యాడు. జగదీశ్వర్ కొత్త బండి తెప్పించాడు. మోటారు నడుమ ఉండే రకం. వీడియోల్లో గెలిచేవన్నీ అవేనని అందరూ అదే రకానికి మారుతున్నారు. ఉపేందర్ మంచిర్యాల పోయి ఖైజర్ అనే మెకానిక్ దగ్గర, అతను అటక మీద పడేసిన పాత బండి తెచ్చుకున్నాడు. దానికి మోటారు వెనుక ఇరుసు కన్నా వెనక్కి ఉంటుంది.

"ముసలి గాడిదను తెచ్చిండు మా బామ్మర్ది," అన్నాడు జగదీశ్వర్.

ఉపేందర్ లెక్క ఉపేందర్‌ది. ఆ వీడియోల్లో ట్రాకులు తివాచీల్లాంటివి, టైరు అతుక్కుని తిరుగుతుంది. ఇక్కడ పొడి దుమ్ము. వెనుక చక్రాల మీద బరువు లేకపోతే అవి ఉన్నచోటే గిరగిరా తిరిగి బండిని పక్కకు తోసేస్తాయి. అందుకే మోటారు వెనుక, బ్యాటరీని కూడా వీలైనంత వెనక్కి జరిపాడు. ఇక షాకులు, అంటే కుదుపును మింగే గొట్టాలు. వాటిలో పోసే నూనె ఎండకు పల్చబడుతుంది. మార్చి నెలాఖరు ఎండ ఎలా ఉంటుందో బాయివాళ్లకు చెప్పనక్కరలేదు. నాలుగు రకాల నూనె సీసాలను మిట్టమధ్యాహ్నం గంటసేపు ఎండలో ఉంచి, ఒక్కోటి పోసి, బండిని జానెడు ఎత్తు నుంచి నేల మీద వదిలి చూశాడు. మూడు రకాలకు అది బంతిలా ఎగిరింది. నాలుగోదానికి పిల్లి దూకినట్టు దిగి, ఒక్కసారి ఒదిగి, నిలిచింది. ఆ రోజు అతను తనలో తనే నవ్వుకున్నాడు.

ఆదివారం పొద్దున తొమ్మిదింటికే నేల కాలుతోంది. రాజం ఎప్పటిలాగే మైకు పట్టుకుని రూళ్లు చదివాడు. ముందు ఏడు బండ్లు, తరువాత ఏడు. అయిదు నిమిషాల్లో ఎక్కువ చుట్లు తిరిగినవాడిదే గెలుపు; టైము నిండేసరికి నడుస్తున్న చుట్టును పూర్తి చేస్తే అదీ లెక్కే. చుట్లు సమానమైతే ఆఖరి చుట్టు ముందుగా ముగించినవాడిది. ఒక జట్టు నడుపుతుంటే రెండో జట్టు మూలమూలకూ నిలబడి, బోల్తాపడ్డ బండ్లను లేపి నిలబెట్టాలి. దానికి వాళ్లు పెట్టుకున్న పేరు లేపుడు డ్యూటీ. లేపేవాడు లేపి వదలాలంతే. బండికి ఇంకేం చేసినా అతని సొంత పరుగు రద్దు. ముందటేడు ఒకడు లేపుతూ లేపుతూ అవతలివాడి స్విచ్చు ఆపేశాడు. అప్పటి నుంచి ఈ రూలు.

సంధ్యారాణి టిఫిను డబ్బాతో వచ్చి షామియానా కింద కూర్చుంది. తడిగుడ్డ చుట్టిన నీళ్ల సీసా తమ్ముడి చేతిలో పెట్టింది.

"తమ్మీ, నువ్వు గెలిస్తే నెల రోజులు మా ఇంట్ల కుక్కర్ గూడ కూత పెట్టది."

"ఓడిపొమ్మంటవా అక్కా?"

"నేనేమన్న అన్ననా?" అంది ఆమె. "నీళ్లు తాగు."

మొదటి జట్టులో ఉపేందర్ ఉన్నాడు. డ్రైవర్లు నిలబడే చెక్క మంచె ఎక్కి, రిమోట్ తాడు మెడలో వేసుకున్నాడు. విజిల్ పడింది. బండి అతని మాట విన్నది. దుమ్ము మలుపులో కొత్త బండ్లు తోకలు ఊపుతూ పక్కకు పోతుంటే ముసలి గాడిద నేలను పట్టుకుని నడిచింది. ఆరో చుట్టులో దిబ్బ మీద ఒక్కచోట అతను తొందరపడ్డాడు. బండి మూడో మలుపు దగ్గర వెల్లకిలా పడింది.

ఆ మూల లేపుడు డ్యూటీ జగదీశ్వర్‌ది.

అతను ముందు ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. తరువాత టోపీ సర్దుకున్నాడు. తరువాత నడిచాడు, పెళ్లిలో పెద్దమనిషి నడిచినట్టు.

"జల్ది జగదీశ్వర్!" అని మైకులో అరిచాడు రాజం.

"మోకాలు నొప్పి కాకా!"

నవ్వులు వినిపించాయి. ఉపేందర్ తల ఎత్తలేదు. బండి నిలబడగానే నొక్కాడు. పదమూడు చుట్లు, అయిదు నిమిషాల ఎనిమిది సెకన్లు. ఆ జట్టులో అదే మొదటిది. మంచె దిగుతుంటే ఎవరో వీపు తట్టారు. ఎవరో చూడటానికి అతను వెనక్కి తిరగలేకపోయాడు, కళ్లు తడిగా ఉన్నాయి.

జట్లు మారాయి. ఇప్పుడు జగదీశ్వర్ మంచె మీద, ఉపేందర్ మూడో మలుపులో.

జగదీశ్వర్ నడపడం చూడముచ్చటగా ఉంటుంది. బండి సరిగా లేకపోయినా దాన్ని బతిమాలి, బెదిరించి, నడిపించుకుపోతాడు. ఎనిమిది చుట్లయ్యేసరికి ఉపేందర్ లెక్కకు సమానంగా ఉన్నాడు. తొమ్మిదో చుట్టులో దిబ్బ మీద నుంచి దిగుతూ బండి ఒక చక్రం మీద పడి, రెండు పల్టీలు కొట్టి, సరిగ్గా ఉపేందర్ కాళ్ల దగ్గర వెల్లకిలా ఆగింది.

అతను వెంటనే వంగాడు. టోపీ సర్దుకోవాలనే ఊహే అతనికి రాలేదు. రెండు చేతులతో ఎత్తాడు. ఎడమ వెనుక చక్రం చేతిలో ఊగింది. నట్టు వదులైంది. లాక్ నట్టు లోపలి నైలాను రింగు అరిగిపోతే అది నిలవదు. ప్రతి పందేనికి ముందూ ఉపేందర్ వాటిని మార్చేవాడు. ఈసారి బావ బండిని బావే బిగించుకున్నాడు. నట్లు మారుస్తారన్న సంగతి ఆయనకు తెలియదు.

ఇంకో చుట్టు తిరిగితే చక్రం ఊడిపోతుంది.

ఇదంతా ఉపేందర్ తరువాత అనుకున్న మాట. అప్పటికే అతని బొటనవేలూ చూపుడువేలూ నట్టును పట్టుకుని మూడు చుట్లు తిప్పేశాయి. బాయిలో బొగ్గు తొట్లను లాగే హాలేజీ దగ్గర వదులు నట్టు అంటే ఎవడిదో కాలు. ఇరవై రెండేళ్లుగా ఆ వేళ్లు వదులుగా ఉన్నదాన్ని దేన్నీ వదిలిపెట్టలేదు. బండిని నేల మీద పెట్టాడు. అది మట్టి చిమ్మి పోయింది.

పదమూడు చుట్లు, అయిదు నిమిషాల పదకొండు సెకన్లు. మూడు సెకన్ల తేడాతో ఉపేందర్ గెలిచాడు.

చప్పట్లు ఇంకా మొదలవలేదు, జగదీశ్వర్ మంచె మీద నుంచే అరిచాడు. "కాకా! లేపెటోడు నా చక్రం ముట్టిండు. రెండు సెకన్లు చేతుల పట్టుకున్నడు!"

రాజం మైకు ఆపేశాడు. మైకు పక్కన పెట్టి, ఎండలో నడుచుకుంటూ ఉపేందర్ దాకా వచ్చి, చిన్నగా అడిగాడు.

"దుమ్ము తుడిసినవా బిడ్డా? దుమ్మేనా?"

ఆ ముసలాయన కళ్లలో ఒక తలుపు తెరిచి ఉంది. అవునంటే చాలు. ఉపేందర్‌కు అది కనిపించింది.

"లేదు కాకా. నట్టు వదులైంది. బిగించిన."

"బిగియ్యకపోతే?"

"ఇంకో రౌండుల ఊడుతుండె."

చుట్టూ చేరినవాళ్లలో లింగమూర్తి అనే గుమాస్తా అన్నాడు, "గట్లయితే లాభమయింది జగదీశ్వర్‌కే గదా?"

"లాభమా నష్టమా అని రూల్ల రాసి ఉన్నదా?" జగదీశ్వర్ దిగి వచ్చాడు. "నేను వాని చెయ్యి పెట్టుమన్ననా? కాకా, నీ రూలే గద. నువ్వే చదివితివి పొద్దున."

రాజం అట్ట మీది కాగితం చాలాసేపు చూశాడు. తరువాత జేబులోంచి పెన్ను తీశాడు. "కొట్టేస్తున్న బిడ్డా," అన్నాడు, ఉపేందర్ ఒక్కడికే వినపడేలా. ఆ పేరు మీద గీత గీసేటప్పుడు కాగితానికి తన వీపు అడ్డం పెట్టుకున్నాడు.

జగదీశ్వర్ బామ్మర్ది భుజం మీద చెయ్యి వేసి పక్కకు తీసుకుపోయాడు. చూసేవాళ్లకు ఓదారుస్తున్నట్టే ఉంది.

"నిజం జెప్పాల్నా? పల్టీ కొట్టకముందే తెల్సింది నాకు, చక్రం ఊగుతున్నదని. ఇగ అయిపోయింది అనుకున్న. నీ చెయ్యి చక్రం మీదికి పోంగ సూసి దేవునికి దండం పెట్టుకున్న." భుజం నొక్కాడు. "నీ చెయ్యి మంచిదిరా బామ్మర్ది. మస్తు మంచిది."

ఉపేందర్ వేళ్లకంటిన మట్టిని ప్యాంటుకు తుడుచుకున్నాడు.

జగదీశ్వర్ గొంతు పెంచాడు. "మాట అంటే మాట. తే."

షామియానా కింద సంధ్యారాణి టిఫిను డబ్బా మూతలు ఒక్కొక్కటే తీసి మళ్లీ పెడుతోంది. ఉపేందర్ మెడలోంచి తాడు తీసి, రిమోట్ బావ చేతిలో పెట్టాడు. ఎవరూ నవ్వలేదు. కొందరు ట్రాకు వైపు చూశారు, కొందరు తమ బండ్ల వైపు.

అక్కడితో ఆపి ఉంటే ఉపేందర్ ఇంటికి పోయి తలుపేసుకుని, రూలు వల్ల ఓడిపోయానని అనుకునేవాడు. అది సరిపోయేది. కానీ జగదీశ్వర్ రిమోట్‌ను చేతిలో అటూ ఇటూ తిప్పి చూసి, "ఈ గాడిదల ఏమున్నదో సూద్దాం," అంటూ మంచె ఎక్కాడు.

మొదటి చుట్టు మెల్లగా తిప్పాడు. రెండో చుట్టులో నొక్కాడు.

ఉపేందర్ భయపడి వేగం తగ్గించిన చోటల్లా అతను తగ్గించలేదు. దుమ్ము మలుపులో బండిని దాదాపు పడిపోయేంతగా వంచి, ఆ చివరి అంచు మీదే నడిపాడు. దిబ్బ మీద అది ఎగిరి, అందరి తలలూ దానితో పాటు లేచి, ఎవరో చేతులతో దించినట్టు నేలకు దిగింది. వెనుకకు జరిపిన ఆ బరువు, ఎండలో వెతికి పట్టిన ఆ నూనె, అన్నీ ఇన్నాళ్లూ తమకు కావలసినవాడి కోసం ఆగినట్టు ఒక్కసారిగా పలికాయి.

"అబ్బ!" అన్నాడు లింగమూర్తి. చప్పట్లు మొదలయ్యాయి.

"బామ్మర్దీ, హైదరాబాదుకు గిదే తీస్కపోదాం!" అని అరిచాడు జగదీశ్వర్ మంచె మీద నుంచి. ఆ గొంతులో వెక్కిరింత లేదు. పిల్లాడిలా సంబరపడుతున్నాడు. ఉపేందర్‌కు అదే అన్నిటికన్నా లోతుగా దిగింది.

పక్కనే రాజం చేతిలో స్టాప్‌వాచీ ఉంది. అలవాటుగా నొక్కినట్టున్నాడు.

"ఎంత కాకా?" అడిగాడు ఉపేందర్.

రాజం దాన్ని చూసి, చొక్కా జేబులో వేసుకున్నాడు. "సూడలే బిడ్డా. ఎండకు కండ్లు మసకైనయ్. ఇటు నీడకు రా, కూసో." కుర్చీ ఒకటి లాగి, దాని మీది దుమ్మును చేత్తో తుడిచాడు.

ఉపేందర్ కూర్చోలేదు. బండి మళ్లీ గీత దాటేవరకు చూశాడు, పెదాలతో సెకన్లు లెక్కపెడుతూ.

"ఇరవై ఒకటి," అన్నాడు. "నాకు ఒక్క చుట్టు గూడ ఇరవై మూడు దిగలేదు."

రాజం కుర్చీని అలాగే పట్టుకుని నిలబడ్డాడు.