ఆగిన ధార

కారు ఉండాల్సిన చోట మంచు దిబ్బ ఉంది, దాని మీద ఇంకా నీళ్ళు కురుస్తూనే ఉన్నాయి.

పాపకు డైపర్లు కొనుక్కొద్దామని బయల్దేరిన జయంతి, గరాజ్ బటన్ నొక్కిన చేత్తో అలాగే నిలబడిపోయింది. పెద్ద తలుపు గరగరమంటూ పైకి లేచింది. ఎండ లోపలికి దూకింది. అప్పుడుగానీ మొత్తం కనిపించలేదు.

పైకప్పు నుంచి మంచు ఊచలు వేలాడుతున్నాయి, పెళ్ళి పందిట్లో మల్లెదండలు కట్టినట్టు. కారు అద్దాలు, తలుపులు, చక్రాలు అన్నీ ఒకే గాజు పొర కింద బిగుసుకుపోయి ఉన్నాయి. మూలనున్న పాప స్ట్రోలర్ బండి పిడికి తెల్లటి గడ్డం మొలిచింది. పైకప్పు చెక్క ఒకచోట ఊడి కిందికి వంగింది. ఆ కన్నంలోంచి సన్నటి తుంపర, పన్నీరు చిలకరించినట్టు, ఆగకుండా పడుతోంది. పడిన చోటే గడ్డకడుతోంది. ఎండ తగిలినచోటల్లా ఎరుపు, నీలం, పసుపు.

భయపడాల్సిన క్షణంలో జయంతి నోరు తెరుచుకుని చూసింది. ఇంత అందమైన నష్టం ఆమె ఎన్నడూ ఎరగదు.

తర్వాత అరిచింది. "ఉమాకాంత్, కిందకి రా. పైపు పగిలింది."

గరాజ్ మీది గదే ఉమాకాంత్ ఆఫీసు. మెడలో హెడ్‌సెట్ వేలాడుతుండగానే పరిగెత్తుకొచ్చాడు. మెట్ల దగ్గర ఆగి, పైకి చూశాడు, కిందికి చూశాడు. మొహం తెల్లబడింది.

"నీళ్ళ మెయిన్ వాల్వ్ ఎక్కడ?" జయంతి అడిగింది.

"అదిగో. ఆ చివర గోడకి."

గోడకీ వాళ్ళకీ మధ్య గరాజ్ నేలంతా అద్దంలా ఉంది. ఉమాకాంత్ కారుని పట్టుకుని పాక్కుంటూ వెళ్ళాడు. ఒకసారి జారి మోకాలి మీద పడ్డాడు. వాల్వ్ దగ్గరికి చేరేసరికి దాని పిడి కనిపించలేదు. అరటి గెలంత మంచుగడ్డ లోపల ఎక్కడో ఎర్రగా ఉంది. రెండు చేతులతో పట్టి లాగాడు. కదల్లేదు.

పైన చెక్క మరికొంచెం వంగింది. దాని వెనక, పై గదికీ గరాజ్‌కీ మధ్య, ఇంకెన్ని నీళ్ళు నిలిచి ఉన్నాయో తెలియదు.

"అమ్మీ, పాపను పట్టుకో."

వెనక నుంచి జయంతి తండ్రి హనుమయ్య. కదిరిలో పోస్ట్‌మాస్టర్‌గా చేసి రిటైరైన మనిషి. మనవరాలిని కూతురి చేతికిచ్చి లోపలికి వెళ్ళాడు. పాప స్నానానికి పొయ్యి మీద కాగుతున్న గుండిగను గుడ్డతో పట్టుకుని తిరిగొచ్చాడు. చెప్పులు విప్పేసి, ఉన్ని సాక్సులతో, ఆ అద్దం మీద ఒక్కొక్క అడుగే వేసుకుంటూ వెళ్ళాడు.

"అల్లుడుగారూ, చేతులు పక్కకి తీయండి."

వేడినీళ్ళు వాల్వ్ మీద పడ్డాయి. ఆవిరి లేచింది. మంచుగడ్డ చిటపటమని పగిలి ముక్కలుగా రాలింది. ఉమాకాంత్ పిడిని తిప్పాడు. తుంపర సన్నబడింది. చుక్కలైంది. ఆగింది.

నిశ్శబ్దంలో మంచు ఒక్కటే కిర్రుమంటోంది, లోపల ఎవరో ఒళ్ళు విరుచుకుంటున్నట్టు.

*

అది అమెరికాలో కమ్మింగ్ అనే ఊరు. జార్జియాలో ఇళ్ళు ఎండల్ని చూసి కట్టినవి. ఆ 2014 జనవరిలో ఉత్తరం నుంచి దిగిన చలి లాంటిది ఈ సబ్‌డివిజన్‌లో, ఈ ఇళ్ళ కాలనీలో, ఎవరూ చూసి ఎరగరు. ముందురోజు పొద్దున చిరుజల్లు. సాయంత్రానికి గాలి కత్తిలా మారింది. బయట పక్షుల కోసం పెట్టిన పళ్ళెంలో నీళ్ళు చూస్తుండగానే రాయి అయ్యాయి.

ఉమాకాంత్ సాయంత్రమే ఇంటిని ఒక యుద్ధానికి సిద్ధం చేసినట్టు చేశాడు. బయటి కుళాయికి గొట్టం ఊడదీసి, పాత తువ్వాలు చుట్టాడు. సింకుల కింద అల్మరా తలుపులన్నీ తెరిపించాడు, ఇంట్లో వెచ్చదనం పైపులకు తగలాలని. ప్రతి ట్యాప్‌నీ దారమంత సన్నగా వదిలిపెట్టమన్నాడు. కదిలే నీళ్ళు అంత తొందరగా గడ్డకట్టవు. ఆ జాగ్రత్తలన్నీ టైప్ చేసి సబ్‌డివిజన్ తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూప్‌లో పెట్టాడు కూడా.

ట్యాపులు వదలడానికి హనుమయ్య అడ్డం తిరిగాడు. "రాత్రంతా నీళ్ళు పారబోయడమా? మా ఊర్లో వారానికొక్కసారి కుళాయి వచ్చేది. ఆ పొద్దు ఇంట్లో చెంబు కూడా ఖాళీగా ఉండకూడదు. నా చేతుల్తో ట్యాప్ తెరిచి పెట్టి పండుకుంటే నిద్ర పట్టదు నాకు."

"పట్టకపోతే మేలుకో నాన్నా. ట్యాప్ మాత్రం ముట్టుకోకు," అంది జయంతి.

ఆ మాటకు కారణం ఉంది. వచ్చిన కొత్తలో ఆయన గ్యాస్ వృథా అని ఇంటి హీటర్ ఆపేశాడు, పాప జలుబుతో మూడు రోజులు ఏడ్చింది. ఇంకోసారి డిష్‌వాషర్‌ని మధ్యలో ఆపేశాడు. అప్పుడే జయంతి చెప్పేసింది. సోమవారం నుంచి తను ఆఫీస్‌కి వెళ్ళాలి, పాపని ఆయన దగ్గరే వదలాలని ప్లాన్. ఇంకొక్కటి జరిగితే డేకేర్, ఆయనకి రిటర్న్ టికెట్. ఆ తర్వాత ఆయన స్విచ్ వేయాలన్నా అడిగి వేస్తున్నాడు.

చివరికి ఒక ఒప్పందం కుదిరింది. ట్యాపులు కారతాయి. కాని ప్రతి ధార కింద ఆయన ఒక గిన్నె పెడతాడు.

*

వాల్వ్ కట్టిన కాసేపటికి ఎదురింటి శ్యామ్‌సుందర్ వచ్చాడు. గరాజ్ గుమ్మంలో ఆగి టోపీ తీశాడు.

"ఏం కథ భై ఇది. కారుకి అద్దాల మహల్ కట్టించినవా?"

ఎవరూ నవ్వలేదు. శ్యామ్‌సుందర్ నిచ్చెన తెచ్చి, ఊడిన చెక్కను పూర్తిగా దించి, టార్చ్ వేసి చూశాడు. "చూడున్రి, ఇదిగో."

రాగి గొట్టం. దాని పొట్ట మీద ఒక చీలిక. తలవెంట్రుక కంటే లావు లేదు. చీలిక చుట్టూ రాగి పొంగి, పువ్వు విచ్చుకోబోతున్నట్టు అంచులు పైకి లేచి ఉన్నాయి.

హనుమయ్య నిచ్చెన కింద నిలబడి చాలాసేపు చూశాడు. "నీళ్ళేనా ఇది చేసింది?"

"నీళ్ళే అంకుల్. గడ్డకడితే ఉబ్బుతయి. జాగా దొరక్కపోతే రాగిని చీలుస్తయి, ఇనుముని కూడా."

"నీళ్ళు లేక మనుషులు కొట్టుకోడం చూసినాను. బిందె కోసం తలలు పగలడం చూసినాను. నీళ్ళకే ఇంత బలం ఉంటాదని తెల్దు నాకు." చెయ్యెత్తి ఒక మంచు ఊచను వేలితో తాకాడు, గుళ్ళో గంటను తాకినంత మెల్లగా.

శ్యామ్‌సుందర్ దిగొచ్చాడు. "ఇది పై బాత్రూమ్‌కి పోయే లైన్. ఆ ట్యాప్ వదిలిన్రా రాత్రి?"

"అన్నీ వదిలాం," అంది జయంతి. పాపని భుజాన వేసుకుని పైకి పరిగెత్తింది. ఉమాకాంత్ ఆఫీసు గదిలోంచి బాత్రూమ్‌లోకి వెళ్ళి సింకు వైపు చూసింది. ట్యాప్ బిగించి ఉంది. గట్టిగా.

కిందికి వచ్చేసరికి ఆమె గొంతు మారింది. "పైన ట్యాప్ ఎవరో కట్టేశారు."

ఎవరో అంటే ఎవరో అందరికీ తెలుసు. జయంతి తండ్రివైపు తిరిగింది. హనుమయ్య అల్లుడివైపు ఒక్కసారి చూశాడు. ఉమాకాంత్ ఫోన్‌లో ప్లంబర్ నంబర్ వెతుకుతున్నాడు.

"నాన్నా?"

"నేనే అయ్యుంటానమ్మా," అన్నాడు హనుమయ్య. "పొద్దున్నే లేచి గిన్నెలు మార్చినాను గదా. చెయ్యి అలవాటు."

"అలవాటా. అలవాటుకి ఇల్లు కూలిపోయేది నాన్నా. ఈ గరాజ్‌లో నేనూ పాపా కార్‌లో కూర్చుని ఉంటే? పైకప్పు మా మీద పడుంటే?" ఆమెకి కన్నీళ్ళొచ్చాయి, కోపం వల్లో భయం వల్లో తెలియదు. "నేను డేకేర్‌కి ఫోన్ చేస్తాను. ఉమాకాంత్, నాన్న టికెట్ ప్రీపోన్ అవుతుందేమో చూడు."

ఉమాకాంత్ తలెత్తలేదు. "ముందు ప్లంబర్ సంగతి చూద్దాం జయా."

హనుమయ్య పాప పాదాలకు ఊడిపోయిన సాక్స్ తొడిగాడు. "ఫోన్లు తర్వాత. పాప ఆకలికి లేస్తుంది. పాలు కలపాల. రాండి లోపలికి."

*

ప్లంబర్ రేపటికి కూడా డౌటే. ఊరంతా పైపులు పగిలాయట. ఫోన్ ఎత్తిన ఆవిడ నవ్వుతూ ఏడుస్తున్నట్టు మాట్లాడింది. అంతదాకా మెయిన్ తెరవడానికి లేదు. వంటింటి ట్యాప్ తిప్పితే ఒక గుటక శబ్దం వచ్చి ఆగిపోయింది.

"మంచినీళ్ళ బాటిల్స్ ఉన్నాయా?" శ్యామ్‌సుందర్ అడిగాడు. "మా ఇంట్ల పొద్దుటి నుంచి చుక్క లేదు. పైపు పగల్లే, గడ్డకట్టింది. ఈడ అడుగుదామని వస్తే మీది నాకంటే పెద్ద కథయింది."

"బాటిళ్ళు ఎందుకు?" అన్నాడు హనుమయ్య. వంటింటి పక్కనున్న చిన్నగది తలుపు తీశాడు.

ముగ్గురూ గుమ్మంలోనే ఆగిపోయారు.

నేలంతా నీళ్ళు. పారినవి కాదు, పట్టినవి. ఇడ్లీ గుండిగ, ప్రెషర్ కుక్కర్, పాయసం గిన్నెలు, పాప స్నానపు టబ్, పెళ్ళికి వచ్చిన స్టీలు బిందె, పూల కుండీ కూడా. అన్నిటి మీదా మూతలు, మూత లేనివాటి మీద పళ్ళాలు. చిన్న కిటికీలోంచి ఎండ పడి, మూతలు లేని రెండు మూడు గిన్నెల్లోంచి వెలుగు పైకప్పు మీదికి ఎగిరి, అక్కడ మెల్లగా ఊగుతోంది. గది నీళ్ళలో మునిగి ఉన్నట్టుంది. ఒక రాత్రి దారమంత ధారలు ఇన్ని నీళ్ళు ఇస్తాయని జయంతి అనుకోలేదు. ఇన్నిటినీ ఒక ముసలాయన ఒక్కడే మోసుకొచ్చి పెట్టాడనీ అనుకోలేదు.

"ఇదేంది అంకుల్, చెరువు కట్టిన్రు," అన్నాడు శ్యామ్‌సుందర్. గొంతు తగ్గించి అన్నాడు.

"రాత్రి పట్టినవన్నీ తెల్లారుజామున ఇందులోకి ఒంపినాను. మళ్ళా పెట్టినాను ట్యాపుల కింద. కిందవి అప్పుడే నిండి పొర్లుతున్నాయి. ఆ బిందె నువ్వు తీసుకో నాయనా. ఇంట్లో పిల్లలున్నారు గదా."

శ్యామ్‌సుందర్ బిందె ఎత్తుకుని వెళ్ళాడు. హనుమయ్య పాపకి పాలు కలపడానికి నీళ్ళు పొయ్యి మీద పెట్టాడు. ట్యాపుల కింద మిగిలిన గిన్నెలు తెద్దామని జయంతి కదిలింది. కింది బాత్రూమ్‌లో గిన్నె నిండి సింకులోకి పొర్లింది. రెండోదీ అంతే. ఆఖరికి పైకి, ఉమాకాంత్ గది బాత్రూమ్‌కి వెళ్ళింది.

ఇందాక ట్యాప్ పిడినే చూసింది. ఇప్పుడు దాని కింది గిన్నెను చూసింది.

గిన్నెలో నీళ్ళు అడుగునే ఉన్నాయి. గరాజ్ మీది ఈ బాత్రూమ్‌కి హీటర్ వేడి సరిగ్గా అందదు; నీళ్ళ పైన కాగితమంత పల్చటి మంచు పొర.

జయంతి దాన్ని తీయలేదు. చూస్తూ నిలబడింది. తెల్లారుజామున నాన్న ఒంపేసి మళ్ళీ పెట్టిన గిన్నె. తక్కినవన్నీ నిండి పొర్లాయి. ఇది ఒకటే కాస్త పట్టి ఆగిపోయింది. అంటే ఆయన పెట్టి వెళ్ళిన తర్వాతే ఎవరో ట్యాప్ కట్టారు. ఆయన గిన్నెలు పెట్టి కిందికి దిగగానే తనే పాపని ఆయన ఒళ్ళో వేసింది. అప్పటి నుంచి గరాజ్ తలుపు తీసేదాకా పాప ఆయన భుజం దిగలేదు. ఇక ఈ గది తలుపు కాఫీ వేళ నుంచీ మూసే ఉంది. అల్లుడు మీటింగ్‌లో ఉంటే హనుమయ్య ఆ తలుపు ముందు దగ్గడు కూడా.

గిన్నెను రెండు చేతులతో పట్టుకుని, పొర పగలకుండా కిందికి తెచ్చింది. వంటింటి బల్ల మీద తండ్రి ముందు పెట్టింది.

ఆయన చూశాడు. ఆ గిన్నె చెప్పేది చదివేశాడని ఆమెకి తెలిసిపోయింది.

"నీకు ముందే తెలుసు కదా నాన్నా."

"ఒంపి పారేయమ్మా అది."

"ఎందుకు నీ మీద వేసుకున్నావు? పాప దగ్గర ఉండనివ్వనని అన్నాను. టికెట్ అన్నాను. అయినా నోరు మెదపలేదు."

హనుమయ్య పాలసీసా మూత బిగించి, మణికట్టు మీద ఒక చుక్క వేసుకుని వేడి చూసుకున్నాడు. "కూతురి ముందర అల్లుడిది తప్పని మామ చెప్పొచ్చా? అట్లా చెప్పి ఆ ఇంట్లో ఎన్నాళ్ళుంటాడు? నేను పోతే ఊరికి పోతా. మీరిద్దరూ ఇక్కడే ఉండాల గదా."

గుమ్మంలో చప్పుడైంది. ఉమాకాంత్. ఎప్పుడొచ్చాడో తెలియదు. బల్ల మీది గిన్నెనే చూస్తున్నాడు. మంచు పొర అప్పుడే ఒకచోట కరిగి, కింది నీళ్ళు మెరిశాయి.

అతను మామగారి ఎదుట కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. మెడలో హెడ్‌సెట్ తీసి పక్కన పెట్టాడు.

"పొద్దున హైదరాబాద్ వాళ్ళతో కాల్ ఉంది మామయ్యగారూ. క్లయింట్ కూడా జాయిన్ అయ్యాడు. నేను మాట్లాడుతుంటే మధ్యలో ఎవరో, ఎవరింట్లోనో ట్యాప్ కారుతోంది, దయచేసి కట్టేసుకోండి అన్నారు. అందరూ నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది. లేచి వెళ్ళి కట్టేశాను. కాల్ అవ్వగానే తెరుద్దామనుకున్నాను. అది అయ్యేలోపే ఇంకో కాల్ మొదలైంది, మర్చిపోయాను. నిన్న ఊరందరికీ జాగ్రత్తలు చెప్పింది నేనే, ఆ ఒక్క ట్యాప్ కట్టేసిందీ నేనే. గరాజ్‌లో కాలు పెట్టగానే నాకు అర్థమైంది. మీరు 'నేనే' అన్నప్పుడు నోరు తెరిస్తే సరిపోయేది. తెరవలేదు. నిజం చెప్పాలంటే హమ్మయ్య అనుకున్నాను, ఆ మాట చెప్పడానికే ఎక్కువ సిగ్గుగా ఉంది. జయా, డేకేర్‌కి ఫోన్ చెయ్యకు. టికెట్ జోలికి వెళ్ళకు. పాపని ఆయన దగ్గర వదిలితేనే నాకు ధైర్యం. నమ్మకూడనిది నన్ను. ట్యాప్ కట్టింది నేను."