బోర్లించిన రొట్టె

ఆ శనివారం ఇటలీ కొండల్లోని ఆ ఇంట్లో నలుగురున్నారు: వంటింట్లో అమ్మమ్మ జెలిండా, మెట్ల దగ్గర దుప్పట్లు మడతపెడుతున్న అమ్మ లొరెత్తా, ఎవరైనా కేకేస్తే తప్ప ఉన్నట్టే తెలియని నివెస్, పై అంతస్తులో వారానికి అద్దెకు దిగిన మార్తీన్ అనే బెల్జియం ఆవిడ.

ఆ నాలుగో మనిషి మీదే నివెస్‌కు అనుమానం. సెలవులకు వచ్చినవాళ్ళు సామాను పడేసి ఊరి మీద పడతారు. ఈవిడ మాత్రం నిన్న దిగినప్పటి నుంచీ గడప దాటకుండా గోడలు తడుముతూ తిరుగుతోంది. ఇటాలియన్ ఒక్క ముక్క రాదట. పాస్‌పోర్టు అడిగితే రేపన్నట్టు చెయ్యి ఊపుతుంది. వచ్చిన మర్నాటికల్లా అతిథి వివరాలు పోలీసులకు పంపకపోతే అద్దెకిచ్చే అనుమతికే ఎసరు. ఆ అద్దె మీదే ముగ్గురి బతుకూ.

"పైకెళ్ళి పట్టుకురావే. నోరు తెరిస్తే ముత్యాలేం రాలిపోవు," అంది లొరెత్తా.

"నువ్వే అడగొచ్చుగా అమ్మా."

"నేనడిగితే తగువవుతుంది. నీ మొహం చూస్తే జాలిపడైనా ఇస్తుంది."

"అలిసిపోయి వచ్చింది, పడుకోనివ్వండర్రా," అంది అమ్మమ్మ, వలుస్తున్న చిక్కుడుకాయల మీంచి తల ఎత్తకుండా. ఏ అతిథి మీదా లేని దయ!

ఉత్త చేతులతో వెళ్ళడానికి జంకి, నివెస్ ఒక రొట్టె పట్టుకుని పైకెళ్ళింది. కంగారులో దాన్ని బల్ల మీద బోర్లా పెట్టేసింది. మార్తీన్ చెయ్యి చటుక్కున ముందుకొచ్చి రొట్టెను వెల్లకిలా తిప్పి, బొటనవేలితో దాని మీద చిన్న శిలువ గీసింది.

అతిథులు రొట్టెను ఎటు పడితే అటు పడేస్తారు. బోర్లిస్తే దేవుడి మొహం నేలకేసి కొట్టినట్టేనని చేతి మీద ఒక్కటేసేది అమ్మమ్మ మాత్రమే.

"మీ దేశంలోనూ ఇంతేనా?" నోరు జారి అడిగేసింది.

"మా నాన్న ఊరుకునేవాడు కాదు," అంది ఆవిడ. అచ్చంగా ఈ కొండ ఊరి యాసలో! అని, నాలుక కరుచుకుంది.

ఇక దాచి లాభం లేదన్నట్టు ఆవిడే సొరుగు తీసి పాస్‌పోర్టు చేతిలో పెట్టింది. ఇంటిపేరు బర్తొలచ్చి. వీధి తలుపు గంట పక్కన రాసి ఉన్న అమ్మమ్మ పుట్టింటి పేరు. గనుల్లో పనికని బెల్జియం వెళ్ళిన అమ్మమ్మ తమ్ముడు అమాతో పేరు కూడా అదే. ఈ పై అంతస్తు ఒకప్పుడు అతని వాటా. వెళ్తూ వెళ్తూ అక్కకు రాసిచ్చాడని అమ్మమ్మ చెప్పేది.

వెనక ఆయాసం వినబడింది. నాలుగేళ్ళుగా ఈ మెట్లెక్కని అమ్మమ్మ గుమ్మంలో నిలబడి ఉంది.

"పెదవి విప్పొద్దన్నానుగా," అంది. మార్తీన్‌తో!

"రొట్టె పట్టించేసింది అత్తా. నా తప్పేం లేదు."

"నీకు ముందే తెలుసా?" అంది నివెస్. గొంతు ఆమెకే కొత్తగా ఉంది. "అమాతో తాత రాసిచ్చాడన్నావుగా. ఆ కాగితం చూపించు అమ్మమ్మా."

"పెద్దవాళ్ళ మాటలు. కిందికి వెళ్ళు. మీ అమ్మ చెవిన వెయ్యకు."

"కాగితం ఉందా, లేదా? లేకపోతే ఈ వాటా ఈవిడదేగా?"

జెలిండా మనవరాలి చేతిలోంచి పాస్‌పోర్టు లాక్కుని, ఆమెను మెల్లగా గడప అవతలికి నెట్టి తలుపు వేసేసింది.