రేపు నాల్‌బంద్

బుల్లిబాబుకూ ఎల్లేశానికీ మధ్య గిట్టనిది ఒక్కటే. గిట్ట. బిజిలీ గిట్ట.

బిజిలీ అంటే మాదాపూర్ ఫంక్షన్ హాళ్లకు పెళ్లికొడుకులను మోసుకెళ్లే తెల్ల గుర్రం. దాన్ని కొన్నది కూకట్‌పల్లిలో కాపురముంటున్న భీమవరం బుల్లిబాబు. మేపేదీ, తోమేదీ, నడిపేదీ కోకాపేట ఎల్లేశం. ఆ మధ్య ఒక హాలు ముందు నున్నటి గ్రానైట్ మీద ఇనప లాడాలు సర్రున జారి, బిజిలీ వెనక్కాళ్లు చెరో పక్కకు పోయాయి. పెళ్లికొడుకు కాబోయే మామగారి మీద పడ్డాడు కనుక దెబ్బ తగల్లేదు. బిజిలీ ఎలాగో లేచింది. ఇంకోసారి జారితే కాలు విరుగుతుందనీ, కాలు విరిగితే గుర్రం దక్కదనీ ఇద్దరికీ తెలుసు.

"లాడాలు పీకించేద్దామయ్యా ఎల్లేశం. చుట్టూ అంతా సాఫ్ట్‌వేరే కదా, దీని కాళ్లకు మాత్రం హార్డ్‌వేర్ ఎందుకు?"

"కోకాపేట కంకర మీద మీరు జర ఉత్తకాళ్లతోని నడువుండ్రి సార్. నాల్ లేకుంటే గిట్ట అరిగి నెత్తురొస్తది."

"జారితే?"

"అరిగితే?"

చర్చలు ఢిల్లీ చర్చల్లాగే చాయ్ తాగడంతో ముగిసేవి.

తెలంగాణ బంద్‌లు ఒకదాని తోక పట్టుకుని ఒకటి వస్తున్న రోజులవి. ఒక సాయంత్రం ఎల్లేశం ఫోన్ చేసి, "రేపు నాల్‌బంద్, సార్" అన్నాడు.

బస్ బంద్, రైల్ బంద్, స్కూల్ బంద్ విని విని అరిగిన చెవి బుల్లిబాబుది. నాల్ బంద్ అంటే లాడాలు బందన్నమాట, ఎల్లేశం దారికొచ్చాడన్నమాట. "చాలా సంతోషం, కానిచ్చెయ్!" అన్నాడు.

పొద్దున్నే వెళ్లి చూస్తే షెడ్డులో సుత్తీ మేకులతో ఖాజామియా అనే ఆయన. పాత లాడాలు నాలుగూ ఊడదీసి, గిట్టలు చెక్కి, ముందుకాళ్లకు కొత్తవి కొట్టేశాడు కూడా.

"ఎవరయ్యా ఇతను?"

"నాల్‌బంద్ సార్. నాల్ కొట్టేటాయన. కానియ్యమని మీరే అంటిరి గద!"

"బంద్ అంటే ఆపడం కాదటయ్యా?"

"మాకు ఆపుడు. ఈయనకు పని."

ఖాజామియా వెనక్కాలు పట్టుకోబోయేంతలో గులాబీ కండువాలతో ఓ గుంపు వచ్చింది. నిజం బంద్ కూడా ఆ రోజేనట. "చాచా, పని బంద్ వెట్టు! జై తెలంగాణ!"

"జై తెలంగాణ" అని ఖాజామియా సుత్తి సంచిలో వేసుకున్నాడు. నాల్‌బంద్ బంద్.

చీకటి పడ్డాక మాదాపూర్‌లో పెళ్లి. బిజిలీకి ముందు ఇనుము, వెనక వట్టిది. గ్రానైట్ దగ్గర ఎల్లేశం కళ్లెం బిగించి పట్టుకున్నాడు. బుల్లిబాబు తోక వైపు నిలబడ్డాడు, పడితే గుర్రాన్ని ఒడిసి పట్టేవాడిలా. ముందుకాళ్లు టకటకమని కాస్త జారాయి. వెనక గిట్టలు చప్పుడు లేకుండా రాయిని పట్టాయి. బిజిలీ తూలలేదు. దాటేసింది.

కొన్నాళ్లకు ఖాజామియా వచ్చి మిగతా రెండూ కొట్టనా అన్నాడు. ఎల్లేశం వెనక గిట్టలు ఎత్తి తడిమి చూశాడు. అంచులు కొంచెమే అరిగాయి. "వద్దు చాచా. గిట్లనే ఉండనీ."

"చూశావా, చెరిసగం!" అన్నాడు బుల్లిబాబు. "రాష్ట్రం సంగతి కూడా ఇలాగే సర్దుకోకూడదటయ్యా?"

ఎల్లేశం దాణా బకెట్టు బిజిలీ ముందు పెట్టాడు.

"గుర్రానికైతే సగంతోని నడుస్తది సార్. మాకు నడువది."