డ్రైవరు నమ్మిన మాట

"ఆ పుల్ల గుచ్చడం, పీకడం. దానికి కూడా జీతమిస్తారా అమ్మాయ్?" అని అడిగారు మా అత్తగారు, నేను బట్టలు మడతపెడుతుంటే. ఆ మాటలో వెటకారం కన్నా ఆశ్చర్యమే ఎక్కువ, అందుకని కోపం రాలేదు. నిజమే, షిన్‌చూ నగరంలోని మా ఆఫీసులో నేను రోజంతా చేసేది అదే. పెన్‌డ్రైవులూ కీబోర్డులూ కంప్యూటర్‌కి గుచ్చి, అది ఎక్కడ మోసపోతుందో చూడటం. మా ఆఫీసులో కంప్యూటర్లన్నింటి నెత్తినా ఆకుపచ్చ చిరుతిండి ప్యాకెట్ ఒకటి పెడతారు, అది ఉంటే యంత్రం మొరాయించకుండా బుద్ధిగా ఉంటుందని ఇక్కడివాళ్ళ నమ్మకం. నా కంప్యూటర్ మీద మాత్రం పెట్టనివ్వను. అది బుద్ధి తప్పితేనే నాకు పని.

ఆ వారం నిజంగానే తప్పింది. ఏ పరికరమైనా గుచ్చగానే "నేను కీబోర్డుని, నా వివరాలు ఇంత పొడవుంటాయి" అని తన గురించి తనే చెప్పుకుంటుంది. కంప్యూటర్ తరఫున దాన్ని పలకరించే ప్రోగ్రాంని డ్రైవరు అంటాం. నా ముందున్న డ్రైవరు ఆ చెప్పిన పొడవును నమ్మేసి అంతే చోటు ఇస్తోంది, కొలిచి చూడటం లేదు. పరికరం అబద్ధమాడి ఎక్కువ కుమ్మరిస్తే అది పొంగి పక్కనున్నవాటి మీద పడుతుంది. ఆ సందులోంచి ఎవడైనా యంత్రం మొత్తాన్ని చేతిలోకి తీసుకోవచ్చు. ఏళ్ళ తరబడి ఎన్నో యంత్రాల్లో దాక్కున్న లోపం, నాకు దొరికింది. ఆ సాయంత్రం బస్సులో నిలబడే వచ్చినా కాళ్ళ నొప్పి తెలియలేదు.

ఆ డ్రైవరు బాగోగులు చూసేవాళ్ళు, దాని మరమ్మతును ఒప్పుకోవాల్సినవాళ్ళు యూరప్‌లో ఉన్నారు. వాళ్ళు పనిలోకి దిగే వేళకు మా ఇళ్ళలో వంట మొదలవుతుంది. మా మేనేజర్ ఖో గారు చెడ్డవారేం కాదు. "వెన్-యూ, నీకు సాయంత్రాలు కుదరవుగా, ఇంట్లో అందరూ నీ కోసం చూస్తుంటారు. వాళ్ళతో కాల్స్‌లో చెంగ్ మాట్లాడతాడులే" అన్నారు జాలిగా. నా పక్క సీటు చెంగ్ మాట్లాడితే ఇక అది కనిపెట్టినవాడు చెంగే అవుతాడు. సోమవారం దాకా ఆగమన్నాను. ఇంటికొచ్చి సాయంత్రాలు వంట చూసుకోమని మా ఆయన్ని అడిగాను. "నాకు అన్నం వండటం కూడా రాదని తెలుసుగా" అని నవ్వాడు ఛీ-షెంగ్. పెళ్ళైన కొత్తలోనూ ఇలాగే నవ్వుతూ చెప్పాడు. అప్పుడు ముద్దొచ్చాడు కూడా.

ఆదివారం, అతనితో పాటు సైన్యంలో చేసిన ఆ-ఖున్ భోజనానికి వచ్చాడు. నేను అల్లం తరుగుతుంటే వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు.

"ఇదేంటి వదినా, మా వంటవాణ్ణి సోఫాలో కూర్చోబెట్టి నువ్వు చేస్తున్నావ్?"

"ఏ వంటవాడు?"

"వీడే. మా దళం మొత్తానికి వీడే వండేవాడు. వీడు పంది మాంసం పులుసు పెట్టే రోజైతే, సెలవు మీద వెళ్ళాల్సినవాళ్ళు కూడా తినేసి మరీ బస్సెక్కేవాళ్ళు."

"అబ్బా, అదెప్పటి సంగతిరా" అన్నాడు ఛీ-షెంగ్. అత్తగారు టీవీ సౌండు పెంచారు.

కోపం వచ్చింది. దాని వెనకే నవ్వూ వచ్చింది. ఊళ్ళోవాళ్ళ పరికరాలను అనుమానించి జీతం తీసుకునేదాన్ని, ఇంట్లో మనిషి చేతికి ఒక్కసారి గిన్నె ఇచ్చి చూడలేదు. రాదు అన్నాడు, నేను నా సాయంత్రాలన్నీ ఇచ్చేశాను. అతని తప్పు లేదని కాదు. ఆ ఏళ్ళు తలుచుకుంటే ఇప్పటికీ ఉక్రోషమే. కానీ అబద్ధమాడే పరికరాలు ఎప్పుడూ ఉంటాయి, కొలిచి చూసుకోవాల్సింది మనమే అని కొత్తగా చేరినవాళ్ళకు పాఠం చెప్పేది నేనే కదా. మిగిలిన అల్లం కూనిరాగం తీస్తూ తరిగాను. చాలా రోజుల తర్వాత మనసు తేలిగ్గా ఉంది.

సోమవారం ఖో గారితో కాల్స్ నేనే చేస్తానన్నాను. "ఇంట్లో ఇబ్బంది కాదూ?" అన్నారాయన. "నాకైతే కాదు సార్" అన్నాను. సాయంత్రం ఇంటికి రాగానే బియ్యం డబ్బా ఛీ-షెంగ్ ముందు పెట్టి, గదిలోకి వెళ్ళి కంప్యూటర్ తెరిచాను. అవతలి ముఖాలు ఒక్కొక్కటే తెర మీదికి వస్తున్నాయి. నా పేరు చెప్పి, ఇది కనిపెట్టింది నేనేనని మొదలుపెట్టబోతుంటే తలుపు తెరుచుకుంది.

"వెన్-యూ, కుక్కర్ బయటి గిన్నెలో నీళ్ళెన్ని పొయ్యాలి?"

"దళం మొత్తానికి పోసినవాడివి, ముగ్గురికి పొయ్యలేవా?" అన్నాను. "వెళ్తూ తలుపు వెయ్యి."