ముగ్గురికీ ఒకే పెన్ను

ఉదయం ఆరింటికి మా వంటింటి బల్ల చిన్న ఆసుపత్రిలా ఉంటుంది. ముందు అత్తయ్య వేలు, తర్వాత ఆయన వేలు, ఆఖరున నా వేలు. ముగ్గురికీ చక్కెర జబ్బే. మీటరు ఒకటే, వేలు గుచ్చే పెన్నూ, దాని సూదీ ఒకటే. ఇద్దరికీ నేనే గుచ్చి, అత్తయ్యకు పొట్ట మీద ఇన్సులిన్ పెన్నుతో మందు కూడా ఇచ్చి, అప్పుడు నా సంగతి చూసుకునేదాన్ని. రెండు నెలల క్రితం డాక్టరు నాకూ ఇన్సులిన్ రాస్తే ఆయన చీటీ మడిచి జేబులో పెట్టుకున్నారు. "అమ్మదీ అదే మందు. ఆ పెన్నుకే సూది మార్చుకుని పొడుచుకో. ఒకే ఇంట్లో వాళ్ళం, ఎంగిలి పట్టింపులేంటి?" అన్నారు. నాకూ సబబుగానే అనిపించింది. వేరే పెన్ను కావాలంటే నా కోసం నేనేదో గొంతెమ్మ కోరిక కోరినట్టు ఉంటుందని ఊరుకున్నాను.

మొన్న చూపించుకోవడానికి వెళ్తే నర్సు, "పెన్ను ఎక్కడ దాస్తారమ్మా?" అని అడిగింది.

"ఫ్రిజ్‌లోనే. అది మా అత్తయ్యది, ఇద్దరం వాడుకుంటాం."

రాస్తున్నదల్లా ఆగిపోయింది. "సూది మారుస్తామండీ," అన్నాను, ఏదో ఘనకార్యం చేస్తున్నట్టు.

"మార్చినా ఒకటేనమ్మా. పొడిచినప్పుడు కంటికి కనపడనంత రక్తం పెన్నులోకి వెనక్కి పోవచ్చు. కాలేయాన్ని పాడుచేసే వైరస్‌లు అలాగే ఒకరి నుంచి ఇంకొకరికి అంటుకుంటాయి. వేలు గుచ్చేదైనా, ఇన్సులిన్‌దైనా ఎవరిది వాళ్ళకే. మొగుడూ పెళ్ళాలైనా సరే, తల్లీబిడ్డలైనా సరే. ముందు ముగ్గురూ రక్తపరీక్ష చేయించుకోండి."

బస్సులో కిటికీ పక్కన కూర్చుని నా చేతులు చూసుకున్నాను. గిన్నె తుడిచే గుడ్డను కూడా వేణ్ణీళ్ళలో ఉడికించే చేతులు. శుభ్రత పిచ్చిదని ఇంట్లో నాకు పేరు. అలాంటిదాన్ని మూడేళ్ళుగా ఒకరి రక్తం ఇంకొకరికి నేనే మోసుకెళ్ళాను. ఎవరికైనా ఏదైనా అంటుకుంటే నన్నే అంటారు. సూది పట్టుకున్నది నేనే కదా. భయం వేసింది, సిగ్గు వేసింది. ఆ వెనకే ఒళ్ళు మండింది. నా ఒంట్లోకి వెళ్ళే మందును కూడా నాదని అడిగి తెచ్చుకోలేని మనిషిని ఎప్పుడయ్యాను నేను? పెళ్ళిలో ఎవరూ అలా రాయించుకోలేదే. నేనే కొంచెం కొంచెంగా వదులుకుంటూ వచ్చాను.

ఇంట్లో చెప్పగానే ఆయన గయ్యిమన్నారు. "పరీక్షా? నాకేం రోగం ఉందని నీ అనుమానం? ఎవరికైనా తెలిస్తే నా పరువేం కాను?"

నేను నోరు తెరిచేలోపు అత్తయ్య అందుకుంది. పొరపాటున కూడా నా పక్షాన మాట్లాడని మనిషి. "నీ పరువు తగలెయ్య! నా రక్తం దాని ఒంట్లోకి పోయుంటే దాని గతేంట్రా? రేపు నేను వెళ్తున్నా. నువ్వూ నోరు మూసుకుని రా."

ఫలితాలు రావడానికి నాలుగు రోజులు పట్టింది. ముగ్గురికీ ఏమీ లేదన్నారు, ఆరు నెలలకు మరోసారి చూద్దామన్నారు. నేను క్లినిక్ మెట్ల మీదే కూలబడి ఏడ్చాను. అత్తయ్య పక్కన కూర్చుని తన కొంగు నా చేతికిచ్చింది.

"చెప్పానా! అనవసరంగా హైరానా పడ్డావు. ఇక పాత పద్ధతే కానీయ్," అన్నారు ఆయన.

"కుదరదు," అన్నాను. అంత చిన్న మాట నా నోట్లోంచి అంత తేలిగ్గా వస్తుందని నేననుకోలేదు. నేరుగా మందుల షాపుకి నడిచాను.

మర్నాడు బల్ల మీద మూడు డబ్బాలు పెట్టాను, ఎవరి పెన్నూ సూదులూ వాళ్ళ డబ్బాలోనే. వాడిన సూదులు వెయ్యడానికి గట్టి మూత ఉన్న మందపాటి సీసా. మీటరు ఒకరు వాడగానే తుడవడానికి క్రిములు చచ్చే మందులో తడిపిన గుడ్డలు. ఆయన అలవాటుగా వేలు చాపారు.

"మీ డబ్బా మీ ముందే ఉంది," అన్నాను.

"నేనా? నాకు సూదంటే..." అని ఆగిపోయారు.

మూడేళ్ళుగా ఆయన పేపరు చదువుతూ వేలు ఎందుకు చాపేవారో అప్పుడర్థమైంది. జాలేసింది, నవ్వూ వచ్చింది. "నేర్పిస్తాను. గుచ్చుకోవడం మాత్రం మీరే," అన్నాను. ఆయన కళ్ళు గట్టిగా మూసుకుని మీట నొక్కి, "అమ్మా!" అని అరిచారు.

"ఇక్కడే ఉన్నాలేరా," అంది అత్తయ్య. అని తన డబ్బా తీసి, "నాకూ నేర్పవే. నీది నువ్వు చూసుకో ముందు," అంది.

సబ్బుతో చేతులు కడుక్కుని, ఆరనిచ్చి, నా డబ్బా మూత తీశాను. గుచ్చుకున్నాక కూడా ఇంకా గుచ్చుకోలేదేమో అనుకుని వేలికేసి చూశాను. ఎవరూ వాడని సూది నొప్పి పుట్టించదని నాకు అప్పుడే తెలిసింది.