దండెం నీడ

మూడో బకెట్టు బట్టలు పిండేసరికి ఆమె భుజం పట్టేసింది. పొద్దుటి నుంచి కమ్ముకున్న మబ్బు అప్పుడే విడింది. ఆ డాబా మీద ఎండ ఉండేదే కాసేపు. మధ్యాహ్నం వాలితే పక్క భవనం నీడ డాబానంతా మింగేస్తుంది. ఈలోపే నాలుగిళ్ల దుప్పట్లు ఆరాలి.

ఇంటాయన సెల్లు చూసుకుంటూ పైకొచ్చాడు, వెనక మెకానిక్కు. ఆర్నెల్ల క్రితం డాబా దక్షిణం వైపంతా సోలార్ పలకలు బిగించాడు. అప్పటి నుంచీ ఎంత కరెంటు పుడుతోందో సెల్లులో చూసుకోవడం ఆయనకి అలవాటైంది. పలకలు రోజూ కడిగిపెడితే డాబా మీది రేకుల గదిలో అద్దె లేకుండా ఉండమన్నాడు ఆమెని. గదికి ఒక కరెంటు వైరు కూడా లాగిస్తానన్నాడు. వైరు రాలేదు. ఆమె దండేలు మాత్రం పలకల ముందున్న పిట్టగోడ వారకి జరిగాయి.

మెకానిక్కు ఒక పలక మీద వేలితో గీశాడు. తెల్లటి పొర లేచింది.

"ఏం పెట్టి కడుగుతున్నావమ్మా?"

"ఆఖర్న కాస్త గంజినీళ్లు చల్లుతానయ్యా. మెరుస్తాయని."

"చొక్కాలనుకున్నావా? ఇస్త్రీ కూడా చేసెయ్యకపోయావా," అని నవ్వాడు మెకానిక్కు.

గది గుమ్మంలో కూర్చున్న ఆమె అత్త కూడా నవ్వింది. ఎవరూ అడక్కుండా తను పెట్టిన శ్రద్ధ తప్పని తేలినందుకు ఆమెకి సిగ్గేసింది. సిగ్గెందుకు పడాలో తెలియక విసుగొచ్చింది.

"గంజిదేముంది సార్, కడిగితే పోతుంది. అసలు గొడవ ఆ దుప్పట్లు. ఒక్క పలక మీద నీడ పడ్డా వరసంతా కరెంటు ఇవ్వకుండా పడుకుంటుంది," అన్నాడు మెకానిక్కు ఇంటాయనతో.

"విన్నావుగా," అన్నాడు ఇంటాయన. "దండేలు గది వెనక్కి కట్టుకో."

"అటు ఎండ రాదు బాబుగారూ. బట్టలు ముక్కిపోతాయి. ఒక్కసారి వాసనొస్తే ఇంకెవరూ నాకు వెయ్యరు."

"ఉన్నదే కాస్త ఎండ. అదీ నీకిస్తే నేనివి కొన్నదెందుకు? ఇప్పుడే తీసెయ్. లేదంటే వేరే గది చూసుకో."

వాళ్లు దిగిపోయారు.

"తీసెయ్యవే," అంది అత్త. "తలదాచుకోను చోటన్నా మిగుల్తుంది."

"తలదాచుకుని ఏం తింటామత్తా?"



ఆమె గంజి పొర కడగడానికి వంగింది. తన నీడ పలక అద్దం మీద పడగానే కాళ్లు వాటంతటవే పక్కకి జరిగాయి. ఆర్నెల్లుగా ఇలాగే జరుగుతోంది కాబోలు. ఎవరూ చెప్పలేదు. మెట్ల మీద ఇంటాయన ఎదురైతే గోడకి అతుక్కున్నట్టే ఇదీ. మర్యాద అనుకుంది ఇన్నాళ్లూ. ఒంట్లో ఇంత లోతుకి దిగిందని ఇప్పుడే తెలిసింది.

గుడ్డ పక్కన పడేసి, బకెట్టులో మిగిలిన దుప్పటి తీసి దులిపింది. పిట్టగోడ వారన దండెం మీద పరిచింది. నల్లటి నీడ పలకల మీదికి వాలింది. కింద ఏ ఫ్యానూ ఆగలేదు. ఆయన సెల్లులో అంకె మాత్రం పడిపోయి ఉంటుంది.

మెట్ల మీద చెప్పుల చప్పుడు వినిపించింది. ఆమె పళ్ల మధ్య పట్టుకున్న క్లిప్పు తీసి దుప్పటి చివర పెట్టింది. దుప్పటి నీడ పక్కన తన నీడ కూడా పలక మీద పడి ఉంది. కాళ్లు జరగబోయాయి. ఆమె జరగనివ్వలేదు.