గత్తర పెట్టె

పోలీసు యాక్షన్ అయిన మరుసటి ఏడు, వానలకు ముందే కోకాపేట పటేలు రామచంద్రం ఇంటికి తహసీలు నుంచి ఒక మందుల పెట్టె వచ్చింది. అందులో బావిలో వేసే పొడి, రోగికి తాగించే సీసాలు. పైన లక్క ముద్ర. గత్తర, అంటే కలరా, వచ్చిందని పేరుతో సహా కాగితం రాసి పంపి, జవాబు వచ్చాకే ముద్ర విప్పాలని హుకుం. ఆహా, ఏం ముందుచూపు! ఆ పేరు పలికినా, రాసినా రోగం ఆ మనిషి ఇంటికీ, విన్నవాళ్ల ఇంటికీ వస్తుందని ఊరు ఊరంతా వణికి చస్తుందని ఆ మహానుభావులకు ఎవరు చెప్పాలి?

శ్రావణంలో ఒకనాడు బుచ్చమ్మ కోడలు నీలమ్మకు తెల్లారినప్పటి నుంచి వాంతులు, విరేచనాలు. మధ్యాహ్నానికి కళ్లు లోతుకు పోయాయి. బుచ్చమ్మ పటేలు దగ్గరికి ఉరికింది.

"పటేలా, జర పెట్టె తెరువుండ్రి. మా నీలమ్మకు అదొచ్చింది."

"అదంటే ఏదే? పేరు చెప్పు."

"గదే పటేలా. మీకెర్కలేదా?"

"ఎర్కనే. కాయిదం మీద రాయాలె గద!"

"రాయుండ్రి మరి."

"నేనా? పిల్లలు గలోన్ని!"

చివరికి పటేలు మహా తెలివిగా 'కడుపు బాగలేదు' అని రాశాడు. అది తహసీలుకు పోయి జవాబు రావాలంటే రెండు రోజులు. అంతదాకా కోడలు దక్కదు. బుచ్చమ్మకు ఒళ్లు మండింది. కొంగు నడుముకు చుట్టి, పటేలు గడప మీద నిలబడి, ఇంట్లోకి చూస్తూ గొంతెత్తింది.

"గత్తరొచ్చింది! గత్తర! రాసుకో పటేలా, గత్తర!"

"నోరు ముయ్యే! నా ఇల్లు ముంచుతవా ఏంది?"

"పెట్టె తెరిచేదాక ముయ్య. గ..."

రెండో అక్షరం పడకముందే ముద్ర పగిలింది. బుచ్చమ్మ సీసాలు కొంగున వేసుకుంది. పటేలు పొడి మూటతో పరుగెత్తాడు, ఊరబావికి కాదు, తన పెరటి బావికి. మిగిలింది ఊరబావికి చేరేలోపు ముగ్గురు పోయారు. నీలమ్మ మాత్రం మూడో నాడు లేచి గంజి తాగింది.

పదో రోజున తహసీలు నుంచి గిర్దావరు, అంటే రెవెన్యూ ఇన్‌స్పెక్టరు, విచారణకు వచ్చాడు. రోగం గురించి కాదు, ముద్ర గురించి.

"హుజూర్, ఊర్లకు దాన్ని పిలిచింది ఈ బుచ్చమ్మనే" అన్నాడు పటేలు.

"దాన్ని అంటే?" కలం పట్టిన గిర్దావరు ఆగాడు. ఆయనా పిల్లలు గలవాడే.

"నన్ను చెప్పుమంటరా అయ్యా?" అంది బుచ్చమ్మ.

"వద్దు!" అన్నారు ఇద్దరూ ఒక్కసారే.

ముద్రను ఎలుకలు కొరికాయని రాసుకుని గిర్దావరు వెళ్లిపోయాడు. పోయిన ముగ్గురి పేర్లు కూడా ఆయన అడగలేదు.